తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేస్తే కేసు అయిపోతుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాం. మా అబ్బాయికి 20 ఏళ్ళు, బీకాం చివరి సంవత్సరం. వచ్చే మార్చికి 21 నిండుతాయి. పోయినేడాది పక్క అపార్ట్‌మెంట్ గేటు ముందు బండి పెట్టొద్దన్నందుకు వాచ్‌మన్‌తో గొడవపడి, చేతిలో ఉన్న హెల్మెట్‌తో కొట్టాడు. వాడికి కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయి. బెయిలు వచ్చింది. ఛార్జిషీటులో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115(2), 118(1), 352 అని రాశారు. వచ్చే నెల అభియోగాలు చదివే వాయిదా ఉంది. కోర్టు దగ్గర పరిచయమైన ఒకాయన, "తప్పు ఒప్పుకోమనండి, ఐదో పదో వేలు ఫైన్ వేస్తారు, ఆ రోజుతో అయిపోతుంది, నాకు ఇరవై వేలు ఇవ్వండి, నేను చూసుకుంటా" అంటున్నాడు. కొత్త చట్టంలో జైలు బదులు సమాజసేవ చేయించి పంపేస్తారని కూడా విన్నాం. అబ్బాయికి క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి. టెన్షన్‌తో మా ఆవిడకి నిద్ర లేదు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: ఒప్పుకోవాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఇరవై వేలు ఎవరికీ ఇవ్వకండి. ఫలానా శిక్షే పడుతుందని మాట ఇవ్వగలిగినవాళ్ళు కోర్టు బయట ఎవరూ ఉండరు. 118(1), అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం. దాని కింద గరిష్ఠ శిక్ష 3 ఏళ్ళ జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ మూడింటిలో ఏది వేయాలన్నది జడ్జిగారి విచక్షణ. మామూలుగా ఒప్పుకున్నవాళ్ళకి జరిమానాతో సరిపెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. దాన్నే చూపించి ఆ పరిచయస్తుడు మీ దగ్గర బేరం పెడుతున్నాడు. కానీ మీ అబ్బాయి విషయంలో అలాగే జరుగుతుందని పూచీ ఎక్కడుంది?

ఇలాంటి వాయిదాలు నేను చాలా చూశాను. బెంచ్ క్లర్కు నంబరు పిలుస్తారు. కుర్రాడు వెళ్ళి బోనులో నిలబడతాడు. అభియోగం కన్నడలో చదువుతారు. "తప్పు చేశావా?" అని అడుగుతారు. కుర్రాడు వెనక్కి తిరిగి వాళ్ళ నాన్న వైపు చూసి తల ఊపుతాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టదు. ఒకసారి అలా ఒప్పుకుని బయటికొచ్చిన ఒక కుర్రాడు, వరండాలో జరిమానా రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ, "సార్, ఇంక నా మీద కేసు లేదు కదా?" అని నన్నడిగాడు. అప్పటిదాకా ఉన్నది కేసే. ఆ నిమిషం నుంచి ఉన్నది నేర నిర్ధారణ, అంటే దోషి అని కోర్టు తేల్చేసినట్టు. ఆ మాట అతనికి లోపలికి వెళ్ళకముందు ఒక్కరూ చెప్పలేదు. మీ అబ్బాయికి అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

జరిమానా అంటే ట్రాఫిక్ చలానాలాంటిదని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. భారతీయ న్యాయ సంహిత 4వ సెక్షన్ శిక్షలను ఆరు రకాలుగా చెబుతుంది: మరణశిక్ష, యావజ్జీవం, జైలు, ఆస్తి జప్తు, జరిమానా, సమాజసేవ. జరిమానా ఆ వరసలోనిదే. వంద రూపాయలు వేసినా శిక్ష శిక్షే. పైగా తనంతట తను ఒప్పుకుంటే అప్పీలు దారి కూడా చాలావరకు మూసుకుపోతుంది. శిక్ష మరీ ఎక్కువైంది, లేదా చట్టప్రకారం లేదు అని మాత్రమే పై కోర్టుకి వెళ్ళగలరు. నేను చేయలేదు అనడానికి ఇంక వీలుండదు.

జరిమానా కట్టలేకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. తీర్పులో "జరిమానా కట్టని పక్షంలో ఇన్ని నెలల జైలు" అని ఒక వాక్యం ఉంటుంది. జైలు, జరిమానా రెండూ ఉన్న నేరానికి ఆ అదనపు జైలు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు మించకూడదు. మీ కేసులో 3 ఏళ్ళకి 9 నెలలన్నమాట. కొంత కడితే ఆ మేరకు జైలు తగ్గుతుంది, పూర్తిగా కడితే ఆ క్షణమే వదిలేయాలి. జరిమానా ఒక్కటే వేసి, చేతిలో డబ్బు లేకపోతే, 30 రోజుల గడువు గానీ రెండు మూడు వాయిదాల్లో కట్టే వీలు గానీ ఇమ్మని కోర్టుని అడగవచ్చు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 464వ సెక్షన్‌లో ఆ వీలుంది. ఇది తెలియక అదే రోజు బంగారం తాకట్టు పెట్టడానికి పరిగెత్తే తల్లిదండ్రులున్నారు.

సమాజసేవ గురించి రెండే మాటలు. అది ఏ నేరానికైనా వేసే శిక్ష కాదు. కొత్త చట్టంలో ఆరు నేరాలకే రాశారు. తాగి బహిరంగంగా గొడవ చేయడం, 5,000 రూపాయల కన్నా తక్కువ విలువైన వస్తువు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేయడం, పరువు నష్టం లాంటివి. మీ ఛార్జిషీటులోని మూడు సెక్షన్లలో ఒక్కదానికీ అది లేదు. ఆ ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో లేని మనిషి గురించి అడుగుతాను. ఆ వాచ్‌మన్‌కి ఆస్పత్రి ఖర్చు ఎంతయింది? ఎన్ని రోజులు డ్యూటీకి వెళ్ళలేదు? ఆ రోజుల జీతం కోశారా? మీరు ఆయన్ని "వాడు" అని రాశారు. కోపంలోనో కంగారులోనో రాసుంటారు, మిమ్మల్ని తప్పుపట్టడానికి అనట్లేదు. కానీ ఈ కేసులో దెబ్బ తిన్నది ఆయనే. ఆ పరిచయస్తుడు చెప్పిన లెక్కలో ఆయనకి ఒక్క రూపాయి లేదు. ఇరవై వేలు మధ్యవర్తికి, పది వేలు సర్కారుకి. ఆరు కుట్లు పడ్డ మనిషికి సున్నా.

మామూలుగా జరిమానా ఖజానాకి వెళ్తుంది. జడ్జిగారు ప్రత్యేకంగా రాస్తేనే అందులోంచి బాధితుడికి చేరుతుంది. ఆ అధికారం సురక్షా సంహిత 395వ సెక్షన్ ఇస్తుంది. జరిమానా సొమ్ములోంచి కేసు నడపడానికి సక్రమంగా అయిన ఖర్చుల్ని తీర్చమనవచ్చు, గాయపడ్డవారికి నష్టపరిహారం ఇమ్మనవచ్చు. జరిమానా అసలు వేయకపోయినా నిందితుడు బాధితుడికి ఇంత చెల్లించాలని విడిగా ఆదేశించవచ్చు. రేపు బాధితుడు సివిల్ దావా వేసినా, ఇలా చెల్లించిన మొత్తాన్ని అక్కడ లెక్కలోకి తీసుకుంటారు. ప్రతి క్రిమినల్ కేసులోనూ పరిహారం ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఆలోచించి తీరాలని సుప్రీంకోర్టు 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో గట్టిగా చెప్పింది.

దానికన్నా పాత తీర్పు ఒకటి మీ విషయానికి బాగా దగ్గరగా ఉంటుంది. 1988లో హరిసింగ్ కేసు. హర్యానాలో ఒక గొడవలో దెబ్బ తగిలి ఒకాయన మాట పోయింది. కొట్టినవాళ్ళని హైకోర్టు జైలుకి పంపకుండా ప్రవర్తన బాండు మీద వదిలి, తలా 2,500 రూపాయలు పరిహారం కట్టమంది. సుప్రీంకోర్టు ఆ విడుదలని రద్దు చేయలేదు. పరిహారాన్ని మాత్రం అందరికీ కలిపి 50,000కి పెంచింది. జైలు తప్పినా బాధ్యత తప్పదు అని ఆ తీర్పు నాకు అర్థమైంది. ఎవరైనా నా దగ్గరికి ఇలాంటి కేసుతో వస్తే ముందు ఈ తీర్పే గుర్తొస్తుంది.

ప్రవర్తన బాండు మీద విడుదల అన్నాను కదా, దాన్నే ప్రొబేషన్ అంటారు. 1958లో వచ్చిన ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఇది. మీకు ఆ పరిచయస్తుడు ఈ చట్టం పేరే ఎత్తలేదు చూడండి, నాకు బాధ కలిగించిందదే. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు తప్ప మిగతావాటిలో, నేరం రుజువయ్యాక కూడా, శిక్ష వేయకుండా 3 ఏళ్ళకి మించని బాండు రాయించుకుని పంపే అధికారం 4వ సెక్షన్ కోర్టుకి ఇస్తుంది. స్థిరమైన చిరునామా గానీ ఆ ఊళ్ళో పని గానీ ఉందని చూపించాలి. పన్నెండేళ్ళుగా ఒకేచోట షాపు నడుపుతున్న తండ్రి జామీను నిలబడితే అది చిన్న విషయం కాదు.

21 ఏళ్ళు నిండనివాళ్ళకైతే 6వ సెక్షన్ ఇంకా గట్టిది. ఆ వయసువాళ్ళని జైలుకి పంపకపోవడమే మామూలు పద్ధతి. పంపాలంటే ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూసి, ఎందుకు పంపాల్సి వస్తోందో జడ్జి కారణాలు రాయాలి. ఇక్కడ వయసు లెక్క నేరం జరిగిన రోజుది కాదు, దోషి అని కోర్టు తేల్చిన రోజుది. సుప్రీంకోర్టు 1963లోనే ఆ మాట చెప్పింది. మీ అబ్బాయికి మార్చిలో 21 నిండుతాయి. అందుకని మార్చిలోపు ఎలాగోలా ఒప్పించేయండి అని మాత్రం నేను చెప్పను. కొట్టకపోయి ఉంటే, లేదా ముందు ఎదుటివాళ్ళే చెయ్యి చేసుకుని ఉంటే, విచారణ జరగాల్సిందే. మార్చి దాటినా 4వ సెక్షన్ ఉంటుంది, దానికి వయసు పరిమితి లేదు. కానీ నిజంగా కొట్టాడు, ఒప్పుకోవాలనే అనుకుంటున్నాడు అంటే, ఈ తేదీ మీ లాయరుకి తెలిసి తీరాలి. చెప్పారా?

ఈ దారిలో ఖర్చు లేదనుకోకండి. ఇలా వదిలేటప్పుడు బాధితుడికి పరిహారం, దాంతోపాటు కోర్టు ఖర్చులు కట్టమని అదే చట్టం 5వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ పెడితే అది కనీసం ఏడాది ఉంటుంది. బాండు షరతు తప్పితే అసలు నేరానికి శిక్ష వేసే హక్కు కోర్టుకి మళ్ళీ వస్తుంది. ఇంకోవైపు, 12వ సెక్షన్ ప్రకారం ఇలా విడుదలైనవాళ్ళకి, నేర నిర్ధారణ వల్ల చట్టప్రకారం వచ్చే అనర్హతలు అంటవు. రెండు వేలు జరిమానా కట్టి బయటపడ్డవాడికి ఈ రక్షణ లేదు. అందుకే చౌకగా కనిపించే దారి కుర్రాడి వయసుకి ఖరీదైనదని అంటాను.

మరి ఒప్పుకోవాలంటే ఎలా ఒప్పుకోవాలి? మన కోర్టుల్లో చాలా తక్కువగా వాడే పద్ధతి ఒకటుంది, ప్లీ బార్గెయినింగ్, అంటే షరతులు మాట్లాడుకుని తప్పు ఒప్పుకోవడం. 7 ఏళ్ళకి మించి శిక్ష లేని నేరాల్లో, బాధితులు ఆడవాళ్ళో పిల్లలో కాకపోతే, నిందితుడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్త సురక్షా సంహిత దీనికి అభియోగాలు నమోదు చేసిన రోజు నుంచి 30 రోజులే గడువిచ్చింది. మీ వాయిదా సరిగ్గా అభియోగాలదే కాబట్టి ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది. దరఖాస్తు పెట్టాక జడ్జిగారు మీ అబ్బాయిని విడిగా, ఇంకెవరూ లేకుండా పిలిచి మాట్లాడతారు. ఎవరైనా బలవంతపెట్టారా, నీ ఇష్టంతోనే వచ్చావా అని. మీరు కూడా ఆ గదిలో ఉండరు. ఆ తర్వాత ప్రాసిక్యూటరు, దర్యాప్తు అధికారి, నిందితుడు, బాధితుడు కలిసి కూర్చుని ఒక పరిష్కారానికి రావాలి. అందులో బాధితుడికి పరిహారం, కేసు వల్ల ఆయనకైన ఖర్చులు రాసుకుంటారు. వాచ్‌మన్ గారు కూడా కుర్చీ వేసుకుని కూర్చుని తన నష్టం తన నోటితో చెప్పుకోగలిగే చోటు అది. మామూలుగా సాక్షి బోనులో ఆయనకి ఆ అవకాశం దొరకదు.

పరిష్కారం కుదిరితే కోర్టు అప్పుడు కూడా ప్రొబేషన్ ఇవ్వవచ్చు. ఇవ్వకపోయినా, మొదటిసారి నేరానికి, కనీస శిక్ష రాయని సెక్షన్లలో గరిష్ఠ శిక్షలో ఆరో వంతు వరకు వేయవచ్చని ఉంది. 118(1)కి అది 6 నెలలు. కుదరకపోతే అక్కడ చెప్పిన మాటల్ని అతని మీద వాడకూడదు, కేసు మామూలుగా నడుస్తుంది. ఇదీ నేర నిర్ధారణే, దాచిపెట్టను. ఆ తీర్పు మీద మామూలు అప్పీలు కూడా ఉండదు. కానీ బోనులో నిలబడి గుడ్డిగా తల ఊపడానికీ, ఇలా షరతులు మాట్లాడుకుని ఒప్పుకోవడానికీ చాలా తేడా ఉంది.

అంతకన్నా ముందు మీ లాయరు చూడాల్సింది ఇంకోటుంది. 118(1) ప్రాణం తీయగల ఆయుధంతో కొట్టడం గురించి. హెల్మెట్ ఆ కోవలోకి వస్తుందా అన్నది వాదించదగిన ప్రశ్న. ఆ సెక్షన్ నిలబడకపోతే మిగిలేవి 115 (మామూలుగా గాయపరచడం), 352 (రెచ్చగొట్టేలా అవమానించడం). ఆ రెండూ గాయపడ్డ మనిషి తనంతట తాను రాజీ చేసుకోగల నేరాలు. రాజీ అయితే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క, నేర నిర్ధారణ ఉండదు. 118 ఉన్నంతకాలం మేజిస్ట్రేటు కోర్టులో ఆ రాజీ పనికిరాదు. ఇద్దరి మధ్య నిజంగా రాజీ కుదిరితే హైకోర్టు తన ప్రత్యేక అధికారంతో కేసు కొట్టేయవచ్చని 2012లో జ్ఞాన్‌సింగ్ తీర్పు చెప్పింది. ఆ దారి కూడా అడిగి చూడండి. వాచ్‌మన్ గారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే నా ఓటు దీనికే.

కానీ రాజీ పేరుతో మీరు గానీ మీ అబ్బాయి గానీ రాత్రిపూట ఆయన గదికి కవరు తీసుకుని వెళ్ళకండి. సాక్షిని కొనడానికి వచ్చారన్న మాట పడితే బెయిలే రద్దవుతుంది. లాయరు ద్వారా, కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రం ద్వారా, కాగితం మీద జరగాలి. క్షమాపణ చెప్పాలని మీ అబ్బాయికి నిజంగా అనిపిస్తే, అదీ అక్కడే, అందరి ముందు చెప్పనివ్వండి.

ఉద్యోగం సంగతి. పోలీసు వెరిఫికేషన్ ఫారంలో కేసుందా, శిక్ష పడిందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయించండి. చిన్న గొడవ కేసు కన్నా దాన్ని దాచడమే ఎక్కువమంది ఉద్యోగాల మీదికి తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దీని గురించి సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది: నిజం రాసినవాళ్ళ విషయంలో నేరం ఎంతటిదో చూసి యజమాని నిర్ణయం తీసుకోవచ్చు, కానీ దాచినవాళ్ళని ఆ కారణంతోనే తీసేసే వీలుంటుంది. ప్రొబేషన్ వచ్చినా జరిగింది జరగలేదని రాయడానికి వీల్లేదు.

ఛార్జిషీటు మీరు చదివారా? కన్నడ అక్షరాలు మనవాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదివేస్తాం. కానీ పోలీసు కన్నడ, షాపులో మాట్లాడే కన్నడ ఒకటి కాదు. కన్నడ బాగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టుకుని ప్రతి పేజీ, ముఖ్యంగా గాయం సర్టిఫికెట్టు, సాక్షుల వాంగ్మూలాలు తెలుగులో చెప్పించుకోండి. కోర్టులో అభియోగం చదివినప్పుడు అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పమనండి. అర్థమయ్యేలా చెప్పించుకోవడం అతని హక్కు. లాయరు ఫీజు భారమైతే న్యాయ సేవల సంస్థ వాళ్ళ 15100 నంబరుకి ఫోన్ చేసి మీ ఆదాయం చెప్పండి, అర్హత ఉంటే ఉచితంగా లాయరుని ఇస్తారు.

వాయిదా రోజు షాపు ఒక పూట మూసి మీరూ వెళ్ళండి. పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల మెమో, కాలేజీ బోనఫైడ్, షాపు లైసెన్సు, ఇంటి అద్దె ఒప్పందం జెరాక్సులు లాయరు చేతికి ముందే ఇవ్వండి. దానికి రెండు రోజుల ముందు అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ గేటు దగ్గర ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పమనండి. మధ్యలో అడ్డు రాకండి. మీరు ఇంతదాకా ఆ పరిచయస్తుడి మాట విన్నారు, నా మాట విన్నారు. అతని మాట ఇంకా పూర్తిగా విన్నట్టు మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.